ఎర్ర గుండ్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు

నాలుగేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. రాయాల్సిన కాగితం మీద, రాయాల్సిన రోజున, నేను రాయని వాక్యం. పది మాటలు కూడా ఉండవు అందులో. కడుపులో పాపను మోసినప్పుడు కూడా నాకు ఇంత బరువు తెలియలేదు. పాప బయటికి వచ్చింది, నడిచింది, ఇప్పుడు నాకే ఎదురు చెప్తోంది. వాక్యం మాత్రం లోపలే ఉండిపోయింది.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్తున్నాను. భివండీలో మా వాడ మనిషి కాకపోతే చాలు. పాప నిద్రపోయింది, మా ఆయనకు పక్కనే పూర్ణ అనే ఊళ్లో గోదాము డ్యూటీ. మధ్యలో పాప లేస్తే ఆపేస్తాను. ఆపితే మళ్లీ మొదలుపెడతానో లేదో. అందుకే కొంచెం తొందరగా రాస్తున్నాను, అతుకులు కనిపిస్తే ఏమనుకోకండి.

నేను జగిత్యాల దగ్గర డిగ్రీ చదివాను, కంప్యూటర్స్. పెళ్లయి ముంబై దగ్గరి ఈ ఊరికి వచ్చాను. వరాలా తలావ్ అనే చెరువుకు ఇవతల మా వాడ. దాదాపు అందరూ మనవైపు వాళ్లే, మగ్గాల మీద బతికేవాళ్లు. డిగ్రీ చదివిన కోడలని నన్ను కొంచెం ఎక్కువగానే చూసేవాళ్లు. రేషన్ కార్డు కాగితమైనా, ఆసుపత్రి చీటీ అయినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. నాకు అది ఇష్టంగా ఉండేది. ఎంత ఇష్టమంటే, నాకు తెలియనిది కూడా తెలుసన్నట్టు చదివి చెప్పేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే మొదటి తప్పు అక్కడే ఉందేమో అనిపిస్తుంది.

మగ్గాల కార్ఖానాల్లో పనిచేసేవాళ్లకు ఛాతీ పరీక్షలు చేయించే సంస్థ ఒకటి ఉండేది. ఠాణేలో ఆఫీసు. కార్ఖానా వాడల్లో ఎక్స్‌రే శిబిరాలు పెట్టేది. ఫలితాలు చెప్పడానికి ఒక సిస్టర్ ఆదివారం ఆదివారం మా వాడ సంఘం గదిలో రిజిస్టరు పెట్టుకుని కూర్చునేది. వెళ్లి ఊరు పేరు, ఇంటిపేరు చెప్తే వేలు పెట్టి వెతికి చెప్పేది. మళ్లీ రావాల్సినవాళ్లు రాకపోతే తనే ఫోన్ చేసి తిట్టేది. సంస్థ వాళ్లు దాని బదులు ఫోన్‌లో చూసుకునే సాధనం ఒకటి తయారు చేశారు. దాన్ని జనంతో పరీక్షించడానికి తెలుగు, హిందీ వచ్చిన మనిషి కావాలన్నారు. నన్ను తీసుకున్నారు. ఆరు నెలల ఒప్పందం. బాగా చేస్తే ఉంచుకుంటామన్నారు.

ఆ సాధనం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు తప్పులా కనిపించదు. దాని వెనక ఉన్నదాన్ని లింక్డ్ డేటా అంటారు. కష్టమైన విషయమేమీ కాదు. ఒక మనిషి ఉంటాడు. అతను పనిచేసే కార్ఖానా ఒక చోట రాసి ఉంటుంది, అతని ఊరు మరోచోట, ఎక్స్‌రే ఫలితం ఇంకోచోట. వీటన్నిటినీ ముడివేసి పెడితే, ఏ ఒక్కదాన్ని పట్టుకున్నా మిగతావాటి దాకా వెళ్లొచ్చు. ముడులు వేయడం ఆఫీసులో అందరికీ బాగానే వచ్చు. ఆ ముడుల వెంట మామూలు మనిషి ఎలా నడవాలన్నదే ఎవరికీ సరిగ్గా తేలని సంగతి. వాళ్లు గుండ్రాలు పెట్టారు. మన ఫోన్ నంబరు కొడితే మన ఇంటివాళ్ల పేరుతో ఒక గుండ్రం వస్తుంది. దాన్ని నొక్కితే చుట్టూ ఇంకొన్ని గుండ్రాలు వస్తాయి. ఒక్కొక్కదాన్ని నొక్కుతూ పోవాలి.

గుండ్రాలకు రంగులు కావాలి కదా. ప్రాజెక్టు చూసే సార్ మరాఠీ ఆయన, మంచివాడే. మీ వాళ్లకు ఏ రంగులైతే బాగుంటాయని నన్నే అడిగాడు. మీటింగులో అందరి ముందు. నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. మనుషులకు ఆకుపచ్చ, ఊళ్లకు నీలం, ఆసుపత్రి సంగతులకు ఎరుపు. ఆసుపత్రి బండి మీద ఎర్ర గుర్తే కదా ఉంటుంది, అందరికీ తెలుస్తుంది అన్నాను. సార్ తలూపాడు. ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పుకుని మురిసిపోయాను.

ఆ రంగులు నావి. ఇది గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం చాలా రోజులు దీన్ని మరచిపోయినట్టు నటించాను.

పరీక్ష సంఘం గదిలోనే పెట్టాం. ఎనిమిది మందిని నేనే మా వాడ నుంచి తీసుకొచ్చాను. నియమం ఒక్కటే. సాయం చేయకూడదు. పక్కన కూర్చోవాలి, చేతులు ఒళ్లో పెట్టుకోవాలి, మనసులో ఏమనిపిస్తే అది బయటికి చెప్పమనాలి, విన్నది విన్నట్టు కాగితం మీద రాయాలి. దొరికిందా లేదా, ఎంతసేపు పట్టింది, సాయం చేశారా, ఏమన్నారు. ఉత్తుత్తి పేరొకటి ఇచ్చి, ఇతను పరీక్షకు మళ్లీ రావాలా వద్దా చూసి చెప్పండి అనడమే పని.

మూడో మనిషి లచ్చక్క. మా ఎదురింటి ఆమె. గుడ్డలో తప్పులు చూసి మడతపెట్టే పని చేసేది. ఆమె భర్త నర్సయ్య బావ కొత్త రకం మగ్గాలు నడిపేవాడు, పైన దీపాలు ఉండే మగ్గాలు. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు ఈ ఊరిలో నీళ్లెప్పుడొస్తాయో, కూరగాయలు ఎక్కడ మంచివి దొరుకుతాయో చెప్పింది ఆమే. ఆమె కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, ఫోన్‌ను వేడి గిన్నెను పట్టుకున్నట్టు రెండు చేతుల కొసలతో పట్టుకుంది.

"గీ గుండ్రాలేంది చెల్లె, నూనెల బోండాలు ఏసినట్టు ఒకటెన్క ఒకటి ఉబ్బుతున్నయి!" అంది.

"నువ్వేమనుకుంటున్నవో చెప్పక్కా. తప్పు, రైటు ఏం లేదు."

"ఏమనుకుంట? ముందుగాల ఊరడగాలె, ఇంటిపేరు అడగాలె. గిది ఏమడుగుతలేదు. సరే, గీ పచ్చది అచ్చింది సూడు, మనిషి పేరుంది. పచ్చగనే ఉంది గద, ఏం గాలే. నడుస్తున్నట్టే."

"దాని పక్కన ఇంకా ఉన్నయి కదక్కా."

"ఎర్రదా? అమ్మో, నేను ముట్ట. ఎర్రది పడ్డదంటే పోగు తెగినట్టే. మీ బావ ఎప్పటికీ చెప్తడు, ఎర్రది పడితే ఎవ్వలూ చెయ్యి పెట్టద్దు, ఆయనే సూసుకోవాలె అని."

నాకు అప్పుడు అర్థమైంది. అర్థం కాలేదని మీతో కూడా అబద్ధం చెప్పలేను. ఆ మగ్గాల మీద ఆకుపచ్చ దీపం అంటే నడుస్తోంది. ఎర్ర దీపం అంటే పోగు తెగింది, మగ్గం ఆగింది, నడిపేవాడు తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. మా వాడలో ఆ దీపాల కింద బతకని ఇల్లు లేదు. అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లే ఆడవాళ్లకు కూడా తెలుసు. నాకు మాత్రం ఆసుపత్రి బండి గుర్తొచ్చింది. ఎందుకంటే నేను కార్ఖానాలోకి ఎప్పుడూ వెళ్లలేదు. చదువుకున్న కోడలు కార్ఖానాలోకి ఎందుకు వెళ్తుంది?

మళ్లీ రావాలి అన్న మాట ఉండేది ఆ ఎర్ర గుండ్రం లోపలే.

లచ్చక్క వేలు తెర మీద అటూ ఇటూ తిరుగుతోంది, ఎర్రదాన్ని తప్పించుకుంటూ. వెనక కుర్చీలో సార్ కూర్చుని ఉన్నాడు. నా చెయ్యి ఒళ్లోంచి లేచింది. నేనే లేపాను. ఎర్ర గుండ్రం మీద నా వేలే పెట్టాను. లోపలి మాట తెరుచుకుంది.

"హోగయా క్యా?" అన్నాడు సార్ వెనక నుంచి, అయిందా అని.

"హోగయా సాబ్, ఏక్‌దమ్ హోగయా!" అంది లచ్చక్క, నేను నోరు తెరవకముందే. తర్వాత నా వైపు వంగి మెల్లగా, "సారు ముంగట నీ ఇజ్జత్ పోనిస్తనా చెల్లె?" అని కన్ను కొట్టింది.

నేను నవ్వాను. కాగితం మీద రాశాను. దొరికింది. సాయం: లేదు. ఏమన్నారు అన్న చోట, బాగుందన్నారు.

మిగతావాళ్లూ అంతే. మాట వేరు కావచ్చు, వేలు మాత్రం ఎర్రదాని దగ్గర ఆగిపోయేది. ఒక్క ఆటో నడిపే ఆయన మాత్రం నొక్కాడు. ఎరుపు చూసి ఆగే అలవాటు ఆయనకు రోడ్డు మీదే లేదని అందరూ నవ్వారు. తక్కిన వాళ్లందరి దగ్గరా నా వేలు లేచింది. వాళ్లందరూ దొరికిందనే చెప్పారు. మన వాడ పిల్ల, సారు ముందు చిన్నబోకూడదని. వాళ్ల అబద్ధం నా కోసం. మరి నాది? అదీ నా కోసమే.

ఎందుకు రాయలేదు? నాకు నేను ఎన్నిసార్లు ఈ ప్రశ్న వేసుకున్నానో. అప్పుడు నాకు నాలుగో నెల. ఆఫీసులో ఇంకా చెప్పలేదు. పని పోతే, కడుపుతో ఉన్నదాన్ని ఇంకెవరు తీసుకుంటారని భయం. కొన్నేళ్లు ఈ జవాబుతోనే పడుకున్నాను. బిడ్డ కోసం చేశాను. వినడానికి ఎంత బాగుంటుంది! తల్లి భయం అంటే లోకం సగం క్షమించేస్తుంది. కానీ ఇది నిజం కాదు, లేదా నిజంలో చిన్న ముక్క మాత్రమే. ఎర్ర రంగును ఎవరూ ముట్టుకోవడం లేదని రాస్తే సార్ నన్ను పనిలోంచి తీసేవాడు కాదు. సరే మారుద్దాం అనేవాడు. అంతే. అది నాకు తెలుసు. కానీ మీటింగులో అందరి ముందు, మా వాళ్ల సంగతి నాకు తెలుసన్నట్టు చెప్పింది నేను. మా వాళ్ల గురించి నాకు ఏమీ తెలియదని నా చేత్తో నేనే రాయాలి. అది రాయలేకపోయాను. ఇంత చిన్నది దాని వెనక ఉన్న కారణం. సిగ్గుపడటానికి కూడా సరిపోనంత చిన్నది.

రిపోర్టు పోయింది. వాడకానికి సులువుగా ఉందన్నారు. సిస్టర్‌ను వేరే పనికి మార్చారు. సంఘం గదిలో రిజిస్టరు మూసేశారు. మళ్లీ రమ్మని ఫోన్ చేసే పని కూడా ఆమెతోనే పోయింది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నా ఒప్పందం అయిపోయింది, ఉంచుకోలేదు కూడా. ఆఖరికి అదీ దక్కలేదు నాకు.

పాప పుట్టిన తర్వాత చలికాలంలో శిబిరం పెట్టారు. నర్సయ్య బావ ఎక్స్‌రే తీయించుకున్నాడు. వారానికి లచ్చక్క ఫోన్‌లో చూసింది. మా ఇంటి గడప మీదే కూర్చుని చూసింది, పాప ఆమె ఒళ్లోనే ఉంది. "మీ బావది పచ్చగనే ఉంది చెల్లె" అంది సంతోషంగా. నేను లోపల గిన్నెలు కడుగుతున్నాను. చేతులు తుడుచుకుని వచ్చి ఆ ఫోన్ ఒక్కసారి తీసుకుంటే అయిపోయేది. మనిషి గుండ్రం ఎవరిదైనా ఆకుపచ్చగానే ఉంటుంది. చచ్చిపోయినవాళ్లది కూడా. ఆ మాట తెలిసిన మనిషి ఆ వాడలో నేనొక్కదాన్నే.

వినపడలేదని చాలాసార్లు అనుకున్నాను. వినపడింది. పోయి చూడాలని కూడా అనిపించింది. చూస్తే చెప్పాల్సి వస్తుంది కదా అనిపించింది. ఏం కాదులే అనుకున్నాను. గట్టి మనిషి, దగ్గు కూడా పెద్దగా లేదు అనుకున్నాను. గిన్నెలు కడిగేశాను.

వానలు మొదలైనప్పుడు కార్ఖానాలో రక్తం కక్కుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు లచ్చక్కను తిట్టాడు. టీబీ అని శిబిరంలోనే అనుమానం వచ్చింది, తెమడ పరీక్షకు రమ్మని రాసి పెట్టాం, ఇన్ని నెలలు ఏం చేశారని. మందులు వేసుకున్నాడు, జబ్బు తగ్గింది, మనిషి బతికాడు. కానీ అప్పటికే ఒక పక్క ఊపిరితిత్తి చాలావరకు పాడైపోయింది. ఇక మగ్గం దగ్గర నిలబడలేడు. సాయంత్రాలు తలావ్ దగ్గరికి నడుస్తాడు, పది అడుగులు వేసి ఆగుతాడు, ఎవరైనా చూస్తుంటే నీళ్లు చూస్తున్నట్టు నిలబడతాడు.

ఆ జబ్బు పేరు విన్న రోజు నేను మొదట ఎవరి గురించి ఆలోచించానో తెలుసా? నర్సయ్య బావ గురించి కాదు. రోజూ లచ్చక్క ఒళ్లో ఆడుకునే నా పాప గురించి. ఎవరికీ నిజం చెప్పకుండా, కాశేలిలో మా చుట్టాలింటికని బయల్దేరి, ఠాణే దాకా వెళ్లి పిల్లల డాక్టరుకు చూపించాను. ఏమీ లేదన్నాడు. ఆటోలో ఏడ్చాను, సంతోషంతో. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు నోరు చేదవుతుంది. నా బిడ్డను చూపించడానికి ఒక్క పూట పట్టింది నాకు.

ఇంకొక మాట ఉంది. అన్నిటికంటే అదే కష్టం.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి లచ్చక్క మా గడప మీద కూర్చుని తన చేతులు చూసుకుంటూ అంది: "తానుల ఒక్క పోగు పోతే పట్టే కండ్లు ఇవి. గంత పెద్ద ఫోన్ల తప్పు పట్టకపాయె. సదువు రాని మొఖం. నేనే సంపుకున్న చెల్లె ఆయనను."

నేనేమన్నానో తెలుసా?

"పోనీ అక్కా. జరిగిందేదో జరిగింది" అన్నాను.

ఆమెను నేను క్షమిస్తున్నట్టుగా. ఆమె కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను.

ఇంతకాలం నన్ను నిలబెట్టిన ఊరట ఒకటి ఉండేది. నేను రాసినా ఎవరు వినేవారు? ఠాణే ఆఫీసు వాళ్లు నాలాంటిదాని మాటకు రంగులు మారుస్తారా? ఎలాగైనా అది అలాగే జరిగేది. ఈ ఊరట పోయిన వారం పోయింది. ఆ సార్ నుంచి మెసేజ్ వచ్చింది. ఇంకో మగ్గాల ఊరికి వెళ్తున్నాం, అప్పటిలాగే పరీక్ష చేసి పెడతావా, కొత్తది చూడు అని. తెరిచాను. మొదటే ఊరు, ఇంటిపేరు అడిగింది. గుండ్రాలు లేవు. మళ్లీ రావాలి అన్నది పైన పెద్ద అక్షరాల్లో ఉంది. ఎరుపు ఎక్కడా లేదు. ఏం మార్చారని అడిగాను. మామూలుగా రాశాడు. వేరే ఊరిలో పరీక్ష చేసిన ఒకావిడ తన కాగితంలో ఒక ముక్క రాసిందట, కార్మికులు ఎర్ర రంగును ముట్టుకోవడం లేదని. ఆ ముక్క చూశాకే అంతా మళ్లీ చూసుకున్నామని, రంగులు మాత్రం ఆ మధ్యాహ్నమే మార్చేశామని.

ఒక్క మధ్యాహ్నం.

ఆవిడెవరో నాకు తెలియదు. ఆమెకూ ఎవరో అక్క ఉండే ఉంటుంది, ఆ అక్క కూడా దొరికింది సాబ్ అనే ఉంటుంది. అయినా ఆవిడ లేదని రాసింది. రాస్తే ఏమైంది? ఏమీ కాలేదు. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. కృతజ్ఞత రాలేదు.

సార్‌కు జవాబు పంపాను. అప్పటి నా కాగితాలు అబద్ధం, ఒక్కరి దగ్గర తప్ప అందరి దగ్గరా నేనే నొక్కాను, ఒక మనిషికి దానివల్ల నష్టం జరిగింది అని. పాత విషయం కదా, ఫర్వాలేదు, అయినా చెప్పినందుకు థాంక్స్ అని రాశాడు. కింద చేతులు జోడించిన బొమ్మ. అంత సులువుగా వదిలేశాడు. ఆయనకు నర్సయ్య బావ తెలియదు.

లచ్చక్కకు చెప్పలేదు. చెప్తానా? మీరు అడుగుతారని తెలుసు. తిడుతుందని భయమైతే ఎప్పుడో చెప్పేసేదాన్ని. ఆమె తిట్టదు. గదిలో సార్ ముందు నన్ను ఎలా కాపాడిందో అలాగే ఇప్పుడూ కాపాడుతుంది, చిన్నదానివి, నీకేం తెలుసు అంటుంది, పాపను ఒళ్లోకి తీసుకుంటుంది. దాన్ని నేను మళ్లీ ఒకసారి తీసుకోలేను. కానీ చెప్పకపోతే, తానే చంపుకున్నానని ఆమె అనుకుంటూనే ఉంటుంది. నా పిరికితనానికి ఇది కూడా ఒక సాకేనా? కావచ్చు. ఆలోచించేకొద్దీ నాకు ఏది సాకో ఏది నిజమో తేడా తెలియడం లేదు. తెలిసినంత వరకు రాశాను.

రాసింది మొదటి నుంచి చదువుకున్నాను. ఎక్కడా నన్ను వెనకేసుకురాలేదనుకుంటాను. ఒక్క చోట, చివర్లో, ఊపిరి పీల్చుకున్నట్టుంది అని రాయబోయి కొట్టేశాను. ఆ మాట నేను వాడకూడదు.

తప్పు చేసింది నేను. లచ్చక్క కాదు. ఇది బయటికి అన్నాను, మీరు విన్నారు. అంతవరకే.